జేబుకు తగిన రివాల్వర్

నేను జీవితంలో తుపాకీ పేల్చలేదు. పెళ్లి ఊరేగింపులో టపాకాయ పేలినా రెండడుగులు వెనక్కి వేసే రకం. అయినా చిన్న రివాల్వర్లలో ఏది జేబులో కుదురుగా ఉంటుంది, ఏది గుడ్డను చింపుతుంది, ఏది మనిషిని ఒక పక్కకి లాగేస్తుంది అని ఎవరైనా అడిగితే మాత్రం పోలీసు అధికారితోనైనా సరే వాదనకు కూర్చుంటాను. ఎవరూ అడగరనుకోండి. ఇంట్లో ఈ సంగతి ఎత్తితే "మళ్లా మొదలుపెట్టిండు" అంటూ మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోతుంది.

ఈ విద్య నాకు ఫుజైరాలో అబ్బింది. డెబ్బైల చివరి రోజులు. కొండల మధ్య నుంచి దుబాయ్‌కి కొత్త రోడ్డు పడి ఇంకా ఎంతో కాలం కాలేదు. నేను కరీంనగర్ వైపు నుంచి వెళ్లిన దర్జీని. బజారు వీధిలో రెండు మిషన్లు, ఒక నిలువుటద్దం, ఒక ఇస్త్రీ బల్ల ఉన్న దుకాణం. అరబ్బులు వేసుకునే కందూరాలు, అంటే చీలమండల దాకా వచ్చే తెల్లటి పొడుగు చొక్కాలు, అక్కడ కుట్టేవాణ్ణి. దుకాణం మా అర్బాబుది. అక్కడ యజమానిని అర్బాబ్ అనే పిలుస్తారు. నా వీసా ఆయన పేరు మీద ఉంది, నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. ఆ నెలాఖరుకి వీసా గడువు తీరిపోతోంది. ఆయన సంతకం పెడితే మళ్లీ కొన్నేళ్లు నిశ్చింత, పెట్టకపోతే బొంబాయి విమానం.

అర్బాబు అరవై దాటిన మనిషి. పెద్ద పొట్ట, తెల్లటి పొట్టి గడ్డం, కొండల్లో ఒక కంకర క్వారీ. వయసులో ఉన్నప్పుడు పడవల మీద బొంబాయి వెళ్లి ఖర్జూరాలు అమ్మేవాడట. ఆయన హిందీ అక్కడి రేవులో హమాలీల దగ్గర నేర్చుకున్నది. అందులో సగం బూతులే. అవి బూతులని ఆయనకు తెలియదు. పిల్లల్ని ముద్దు చెయ్యడానికి కూడా వాటినే వాడేవాడు. నేను చెప్పలేదు. చెప్పేంత ధైర్యం లేదు, చెప్పి ఆ వినోదం పోగొట్టుకోవాలన్న కోరికా లేదు.

ఒక ఆదివారం పొద్దున ఆయన దుకాణానికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, కత్తిరింపు బల్ల మీద ఒక తువ్వాలు విప్పాడు. లోపల రెండు చిన్న రివాల్వర్లు. పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు రెంటినీ పక్కపక్కన సర్దిపెట్టి నా మొహంలోకి చూశాడు. గుండ్లు తీసి చేతిరుమాలులో మూటకట్టి అప్పటికే డ్రైవర్‌కి ఇచ్చేశాడట. అయినా నేను గోడకు ఆనుకునే నిలబడ్డాను.

ఒకటి తెల్లగా తళతళలాడుతోంది. ఉక్కుది, బరువు. వెనకవైపు బొటనవేలితో లాగే చిన్న కొక్కెం తోకలా పైకి లేచి ఉంది. రెండోది నల్లది. బరువు సగం కూడా ఉండదు. దానికి కొక్కెం లేదు, వెనకంతా నున్నగా అరిగిన సబ్బుబిళ్లలా ఉంది.

"నా బావమరిది పంపించాడు. ఒకటి ఉంచుకుని ఒకటి శుక్రవారం వాపసు ఇవ్వాలి. కాయితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఏది ఉంచుకోమంటావు?" అన్నాడు.

"నేను దర్జీని, అర్బాబ్."

"అందుకే అడుగుతున్నాను. కాల్చడం నాకు వచ్చు, జేబు సంగతి నీకు వచ్చు. రోజూ నా వెంట ఉండాలి. బయటికి కనపడకూడదు. చెయ్యి పెట్టగానే చేతికి రావాలి. కనపడిందా, ఖలాస్. నీ వీసా లేదు, నువ్వూ లేవు."

ఆయన నవ్వుతూనే అన్నాడు. కానీ గల్ఫులో నవ్వుతూ సంతకం పెట్టినవాళ్లనీ చూశాను, నవ్వుతూ మనిషిని విమానం ఎక్కించినవాళ్లనీ చూశాను.

ఆ మనిషికి రివాల్వర్ ఎందుకో నాకు అంతుపట్టలేదు. కొండల మనుషులకు తుపాకీ కొత్త కాదు. ఆయన ఇంట్లో గోడకు తాతలనాటి పొడుగు తుపాకీ వేలాడుతూ ఉండేది. అది భుజాన వేసుకుని ఒంటరిగా లోయలన్నీ తిరిగానని చెప్పేవాడు. ఇప్పుడు కారులో దుబాయ్ వెళ్లి బ్యాంకులో కూర్చుని వస్తున్నాడు. దారిలో ఆయన్ని ఆపేది మేకలు తప్ప ఎవరూ లేరు.

ఆయన డ్రైవర్‌కి మాత్రం ఒక సిద్ధాంతం ఉంది. డ్రైవర్ కూడా తెలుగువాడే, కడప జిల్లా, ముసల్మాను. దుకాణం వెనక గదిలో ఇద్దరం కలిసి ఉండేవాళ్లం, కలిసి వండుకునేవాళ్లం. అతను నన్ను మాస్టరూ అనేవాడు, నేను అతన్ని భాయ్ అనేవాణ్ణి.

"ఇంకోడు తెచ్చుకున్యాడు మాస్టరూ, అంతే. ఈయన దోస్తు ఒకాయన మజ్లిస్‌లో తీసి సూపించినాడు. ఆ రోజు నుంచీ ఈయనకి అన్నం దిగల్యా" అన్నాడు. మజ్లిస్ అంటే అక్కడి ఇళ్లల్లో మగవాళ్లు చేరి కబుర్లు చెప్పుకునే గది.

ఈ సిద్ధాంతం నాకు నచ్చింది. ఎందుకంటే అర్బాబు కోరికలో ఉన్న మెలిక దీంతో విడిపోయింది. రివాల్వర్ ఎవరికీ కనపడకూడదు, కానీ ఉందని అందరికీ తెలియాలి. అలాంటి జేబు నేనే కాదు, ఏ దర్జీ కూడా కుట్టలేడు.

సరే, పనిలో దిగాను. అర్బాబు చేతే రెంటినీ ఖాకీ కాగితం మీద పెట్టించి సుద్దముక్కతో చుట్టూ గీసుకున్నాను. ఆ ఆకారంలో మందపాటి గుడ్డతో సంచులు కుట్టి, ఆయన క్వారీ కంకరే తెచ్చి నింపి, ఆయన చేతి అంచనాతో బరువు సరిపెట్టాను. నిజం తుపాకీ ముట్టుకోకుండా పని జరగడానికి నేను కనిపెట్టిన ఉపాయం అది. కందూరాకు పక్క కుట్టులో జేబు ఉంటుంది. గుడ్డ పల్చని జపాన్ గుడ్డ. లోపల పది పైసల బిళ్ల ఉన్నా దాని అంచు బయటికి తెలుస్తుంది. జేబు సంచిని రెండు పొరలు చేసి, పొరల మధ్య కాన్వాసు ముక్క పెట్టి, తొడవైపు కాస్త వెనక్కి జరిపాను.

మంగళవారం తెల్లదానితో మొదటి పరీక్ష. అర్బాబు కొత్త కందూరా వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. ఖాళీ రివాల్వర్ జేబులో పడగానే మెడపట్టీ కుడివైపుకి జారింది. ఎవరో కనపడని మనిషి చొక్కా పట్టుకుని లాగుతున్నట్టు ఉంది. ఆయన అదేమీ పట్టించుకోలేదు. అద్దంలో తన్ను తాను గుడ్లురిమి చూసుకుంటూ ఒక్కసారిగా చెయ్యి పెట్టి లాగాడు. కొక్కెం జేబు అంచుకి తగులుకుంది. రివాల్వర్‌తో పాటు జేబు మొత్తం తిరగబడి బయటికి వచ్చేసింది. గోనెసంచిలో పిల్లిని పట్టుకున్నట్టు ఆ మూటను పట్టుకుని, ఆయన ఇంకా గుడ్లురుముతూనే ఉన్నాడు. డ్రైవర్ గబగబా బయటికి వెళ్లి కారు అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. నాకు వెళ్లడానికి చోటు లేదు. పెదవి కొరుక్కుని నేల మీద సూది వెతికాను.

"నల్లదే మంచిది, అర్బాబ్. దీనికి తోక ఉంది."

"కానీ ఇది అందంగా ఉంది" అన్నాడు, చిన్నబోయిన మొహంతో.

జేబు అంచుకి తోలుపట్టీ వేయించుకుని, ఆ రాత్రి నమాజు అయ్యాక తెల్లదాన్నే వేసుకుని దోస్తు మజ్లిస్‌కి వెళ్లాడు. పొద్దున డ్రైవర్ నా మంచం మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వుతూ ఆ కథ చెప్పాడు. మజ్లిస్‌లో బాసింపట్టు వేసి కూర్చోగానే ఆ ఇనుము తొడకు గుచ్చుకుందట. ఆయన మాటిమాటికీ పక్కన చెయ్యి పెట్టి సర్దుకుంటూ, ఉందో లేదో తడుముకుంటూ, మొహం చిట్లిస్తూ కూర్చున్నాడట. కాసేపటికి పక్కాయన మెల్లగా "ఎప్పటి నుంచి ఈ నొప్పి?" అని అడిగాడట. ఇక అందరూ అందుకున్నారు. ఒకాయన మూత్రపిండంలో రాయన్నాడు, ఇంకొకాయన ఒంటె పాలు తాగమన్నాడు. ఇంటికి వచ్చేటప్పటికి కారు వెనక సీట్లో రెండు రకాల వేర్లు, ఒక సీసా కషాయం ఉన్నాయి. రివాల్వర్ సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

నవ్వడం అయ్యాక డ్రైవర్ మొహం మారింది.

"ఇంగో మాట ఉండాది మాస్టరూ. పెద్దమ్మ నీకు సెప్పమన్యాది."

పెద్దమ్మ అంటే అర్బాబు భార్య. ముఖానికి బంగారు రంగు బురఖా పట్టీ పెట్టుకునే పొడుగాటి మనిషి. ఆమె గొంతు నేను విన్నది తక్కువ, కానీ ఆ ఇంట్లో చెల్లేది ఆ గొంతే అని అందరికీ తెలుసు.

"ఏమన్నది?"

"ఏ రివాల్వరన్నా కానీ, అది ఆయన జేబులో నిలవగూడదంట. నిలిచిందంటే దర్జీ నిలవడు అన్యాది."

ఎందుకో అతను చెప్పనక్కర్లేదు. ఆ ఇంట్లో మూడేళ్ల మనవరాలు ఉంది. తాత గుమ్మంలో అడుగుపెట్టడం ఆలస్యం, పరుగెత్తుకొచ్చి ఆయన ఒడి ఎక్కేది. ముద్దులూ మాటలూ ఏమీ లేవు, చెయ్యి తిన్నగా జేబులోకే పోయేది. ఆ జేబులో తాత చాక్లెట్లు తెచ్చేవాడు. నేనూ దుకాణంలో చూశాను. మోచేతి దాకా చెయ్యి దూర్చి, నాలుక బయటపెట్టి, పైకి చూస్తూ వెతికేది.

నాకు భయం వేసింది. వీసా పోతుందన్న భయం వేరు, ఇది వేరు. ఆ పిల్ల చెయ్యి నేను కుట్టిన జేబులోకి వెళ్తుంది.

"మరి నేనేం జెయ్యాలె భాయ్? కనబడితే ఆయన ఎల్లగొడ్తడు. నిలిస్తే ఆమె ఎల్లగొడ్తది."

"సెడగొట్టు. కుట్టు లూజుగా ఎయ్."

"నాకు రాదు."

"ఏం రాదు?"

"సెడగొట్టుడు."

అతను నమ్మలేదు గానీ అది నిజం. బుధవారం పొద్దంతా ఆ ప్రయత్నమే చేశాను. నల్లదానికి జేబు కుట్టడానికి కూర్చుని, ఈ కుట్టు వదులుగా వేద్దాం అనుకుంటాను, చేతులు బిగువుగానే వేస్తాయి. సంచి వంకరగా కోద్దాం అనుకుంటాను, కత్తెర తిన్నగానే పోతుంది. సాయంత్రానికి నా చేతి నుంచి వచ్చిన జేబు ఎలా ఉందంటే, దాన్ని చూసి నాకే ముచ్చట వేసింది. కంకర సంచి వేసి చూస్తే బయట ఒక్క ముడత లేదు. మెడపట్టీ కదల్లేదు. చెయ్యి పెడితే చల్లగా జారి చేతికి వచ్చింది. దర్జీగా ఒళ్లు పొంగిపోయింది, మనిషిగా నీరుకారిపోయాను.

గురువారం మధ్యాహ్నం దుకాణం మూసిన వేళ డ్రైవర్‌కి ఆ కందూరా తొడిగాను. అతను బక్కపల్చని మనిషి కాబట్టి పొట్టకు నా తలదిండు తాడుతో కట్టాను. అటూ ఇటూ నడిపించాను, కుర్చీలో కూర్చోబెట్టాను, కారు ఎక్కి దిగమన్నాను. ఎదురు పచారీ కొట్టాయన తలుపు తెరిచి మరీ చూశాడు. కంకర సంచి ఇసుమంత కదల్లేదు.

డ్రైవర్ అద్దంలో దిండు సవరించుకుంటూ కాసేపు ఆలోచించాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వు మనిషిని నిలబెట్టి కొలుస్తావు గదా బ్బా. ఆయన దినానికి ఐదుసార్లు నేలకు తల ఆనిస్తాడు. అది కొలిసినావా?"

ఎన్ని కందూరాలు కుట్టి ఉంటాను! ఒక్కరినైనా వంగమని అడిగింది లేదు. మా వైపు దర్జీకి మనిషి అంటే నిలువుగా ఉండేవాడే. డ్రైవర్ చాప పరిచి, దిండు పొట్టతోనే మెల్లగా వంగి, మోకాళ్ల మీదికి దిగి, నుదురు నేలకు ఆనించాడు. నడుము పైకి, తల కిందికి అయ్యేసరికి నా అద్భుతమైన జేబు తలకిందులైంది. నున్నటి సంచిలోంచి నున్నటి మూట జారి, దభీమని చాప మీద, అతని కుడి అరచేతి పక్కన పడింది.

ఇద్దరం దాని వంక చూశాం. చెడగొట్టే పని లేదు. జేబు బాగా కుదిరింది కాబట్టే పడిపోతోంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"ఇగ మనం ఏమీ చెప్పకుంట ఊకుందాం. రేపు జుమ్మాకు పోతడు, అందరి ముంగట పడుతది" అన్నాను.

డ్రైవర్ నవ్వలేదు. "మసీదులో వద్దు మాస్టరూ. రేపటికి ఆయన గుండ్లు ఏస్తాడు. పడి పేలిందంటే? అల్లా ఇంట్లో ఆ పాపం నాకొద్దు. ఈ పొద్దే, ఈడనే అయిపోవల్ల."

అతను అన్నది సబబే. అర్బాబుకు మోకాళ్ల నొప్పి. దుకాణంలో ఉండగా సాయంత్రపు అసర్ నమాజు వేళైతే ఇస్త్రీ బల్ల పక్కన చాప పరిపించుకుని ఇక్కడే చేసుకునేవాడు. సాయంత్రం ట్రయలుకి ఆ వేళకే తీసుకొస్తానని, గుండ్ల మూట తన దగ్గరే ఉంచుకుంటానని అన్నాడు. "సాప ఒకటే నేను పరిసేది. నమాజు ఆయనదీ అల్లాదీ" అని, తనకు తానే సమాధానం చెప్పుకున్నట్టు కలిపాడు.

అర్బాబు రెంటినీ తువ్వాలులో చుట్టుకుని వచ్చాడు. కొత్త కందూరా తొడుక్కున్నాడు. నల్ల రివాల్వర్ జేబులో వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. ఎటు తిరిగి చూసినా ఏమీ కనపడలేదు. లాగి చూశాడు, చేతికి వచ్చింది. మళ్లీ జేబులో వేసుకున్నాడు.

"బాగుంది" అన్నాడు. అద్దంలోకే చూస్తూ, "ఎవరికీ తెలియదు, కదా?" అన్నాడు. ఆ గొంతులో సంతోషం కంటే దిగులే ఎక్కువ వినిపించింది.

అంతలో అజాన్ వినిపించింది. డ్రైవర్ మారు మాట్లాడకుండా చాప పరిచాడు. అర్బాబు వెనక కుళాయి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి నిలబడ్డాడు. జేబులో ఉన్నది తీసి పక్కన పెడతాడేమో అని చూశాను. తియ్యలేదు. అది అక్కడ ఉన్నట్టే మరిచిపోయాడు. నా జేబు అంత బాగా కుదిరింది.

ఆయన వంగాడు. మోకాళ్ల మీదికి దిగాడు. నుదురు చాపకు ఆనగానే అది జారి, నేను అనుకున్నచోటే, కుడి అరచేతి పక్కన పడింది. కంకర సంచిలా దభీమనలేదు. ఇనుము నేలకు తగిలిన చప్పుడు వేరు. నవ్వడానికి సిద్ధంగా ఉన్న నా మొహం అలాగే బిగుసుకుపోయింది.

ఆయన నమాజు ఆపలేదు. దాన్ని పక్కకి నెట్టలేదు. కష్టం మీద లేచాడు, మళ్లీ వంగాడు. వంగిన ప్రతిసారీ ఆ ముసలి చెయ్యి వచ్చి ఆ నల్లటి వస్తువు పక్కనే ఆనింది. చివర కూర్చుని, సలాం చెప్పడానికి మొహం కుడివైపు తిప్పాడు. అది ఆయన వైపే చూస్తున్నట్టు పడి ఉంది. ఎడమవైపు తిప్పాడు. తర్వాత కూడా లేవకుండా అక్కడే కూర్చున్నాడు. ఇద్దరం ఆయన ఏమంటాడా అని నిలబడ్డాం.

ఇప్పుడు నేను నోరు మూసుకుని ఉండాలి. ఊళ్లో పనికిమాలినవాడికి కూడా ఆ మాత్రం తెలుస్తుంది. కానీ నా జేబులోంచి వస్తువు పడిపోయిందన్న అవమానం నన్ను ఊరుకోనివ్వలేదు.

"బొత్తాం పెడతాను, అర్బాబ్. పైన మూత కుట్టి లోపల ఒక బొత్తాం పెడితే ఎంత వంగినా పడదు" అనేశాను.

డ్రైవర్ నా కాలు తొక్కాడు. ఆ గోరు తర్వాత నల్లబడి ఊడిపోయింది.

అర్బాబు నా వైపు తిరిగాడు. ఆ రోజు ఆయన నోట ఒక్క బూతు కూడా రాలేదు.

"బొత్తాం పెడితే పడదు. పడకపోతే నేను మరిచిపోతాను. ఇప్పుడు మరిచిపోయాను, చూశావుగా. ఇలాగే ఇంటికి వెళ్లి కూర్చుంటాను. ఆ పిల్ల వస్తుంది..."

రివాల్వర్ అందుకుని తువ్వాలులో తెల్లదాని పక్కన పెట్టి, చుట్టి, డ్రైవర్‌కి అందించాడు. రెండూ వాపసు ఇచ్చెయ్యమన్నాడు. నా పాస్‌పోర్టు శనివారం వీసా ఆఫీసుకు తీసుకెళ్లమని కూడా అదే గొంతుతో, అదే ఊపులో చెప్పాడు. నాకు దండం పెట్టాలనిపించింది, కానీ ఆయన మాట ఇంకా పూర్తి కాలేదు.

"గోడ మీది పెద్ద తుపాకీ ఉంది కదా, మాస్టర్. మొన్న చలికాలంలో తుడుద్దామని దించబోయాను. ఎత్తలేకపోయాను. ఎవరూ చూడలేదు. చిన్నదైతే ఎత్తగలను కదా అనుకున్నాను."

దోస్తు మీద పోటీ అనుకుని మేం ఇన్నాళ్లూ నవ్వుకున్నాం. డ్రైవర్ తువ్వాలు మూట పట్టుకుని గుమ్మం వైపు చూస్తున్నాడు. నేను మెడలో టేపు సర్దుకున్నాను.

"లేపు" అంటూ అర్బాబు చెయ్యి చాపాడు. భుజం నుంచి మణికట్టు దాకా ఆ చేతిని ఎన్నిసార్లు కొలిచానో, పట్టుకోవడం మాత్రం అదే మొదటిసారి. అది సన్నగా, ఆగకుండా వణుకుతోంది. ఆ చేత్తో రెంటిలో దేన్నీ గురిపెట్టలేడని నాకు అప్పుడు తెలిసింది. ఆయనకు ఎప్పుడో తెలుసు. రెండు చేతులతో పట్టి లేపి నిలబెట్టాను. నిలబడ్డాక కూడా ఆయన కాసేపు నా చెయ్యి వదల్లేదు.